బోరుబండి గాలి ఎటు పోతుంది? చిక్కడపల్లి బండ కింద దాగిన కథ

ఇవాళ డీటీహెచ్ గురించి మాట్లాడుకుందాం. మిద్దె మీద పెట్టుకునే డిష్ గురించి కాదండోయ్. అది మా తరం సరుకు, మీదంతా ఓటీటీ. ఈ డీటీహెచ్ అంటే డౌన్ ది హోల్, అంటే రంధ్రం అడుగున అని. బోరు వేసేటప్పుడు రాయిని కొట్టే సమ్మెట లారీ మీద ఉండదు. రాడ్ల చివర, రంధ్రం అడుగున, రాయికి ఆనుకుని ఉంటుంది. దాన్ని ఆడించేది కరెంటూ కాదు, డీజిలూ కాదు. డీజిల్ పైన కంప్రెసర్‌ని తిప్పుతుంది, అంతే. కింద పని చేసేది వట్టి గాలి.

అశోక్‌నగర్‌లో హాస్టల్ గదుల్లో ఉండి గ్రూప్స్‌కి చదువుకుంటున్నవాళ్ళు మన వీడియోలు చాలామంది చూస్తారు. మీకు ఈ చప్పుడు బాగా తెలుసు. సిటీ సెంట్రల్ లైబ్రరీ నుంచి పొద్దుపోయాక గదికొస్తారు, పడుకుందామనుకుంటారు, పక్క సందులో ధడధడధడ మొదలవుతుంది. తెల్లారేసరికి మీ బండి సీటు మీద తెల్లటి పిండి. ఆ చప్పుడుకీ, ఆ పిండికీ నూట అరవై ఏళ్ళ చరిత్ర ఉంది. ఆ చరిత్రంతా ఒకే ఒక ప్రశ్న చుట్టూ తిరుగుతుంది. కొట్టడం అయిపోయాక గాలి ఎటు పోవాలి?

ముందు మన కాళ్ళ కింద ఏముందో చూద్దాం. చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్, ఇటు ఆర్టీసీ క్రాస్‌రోడ్స్, అటు హిమాయత్‌నగర్, ఇదంతా గ్రానైటు మీద కూర్చున్న ఊరు. వయసు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. బంజారాహిల్స్‌లో గుండ్లు పైకి కనపడతాయి కాబట్టి అక్కడే రాయి ఉందనుకుంటాం. ఇక్కడ పైన కాస్త మట్టి, దాని కింద మొరం, ఆ కింద పుచ్చిన రాయి, ఇంకా కిందికి పోతే గట్టి బండ. నీళ్ళు ఉండేది పుచ్చిన రాయిలోనూ, దాని కింద బండకి పడ్డ పగుళ్ళలోనూ. పగులు లేని గ్రానైటులో నీళ్ళుండవు. చెంచాడు కూడా ఉండవు.

పాతరోజుల్లో బావి తవ్వడం అంటే ఈ మొరం దాకా తవ్వడమే. బండ తగిలితే వడ్డెరలు రావాలి. గునపం, ఉలి, సమ్మెట, ఆ తర్వాత మందుగుండు. ఒకరు ఉలి పట్టుకుని తిప్పుతూ ఉంటారు, ఇంకొకరు సమ్మెటతో కొడుతూ ఉంటారు. చేతిలో రంధ్రం పడేది గంటకి ఇన్ని అంగుళాలు అని లెక్క, అడుగులు కాదు. ఇక్కడొక సంగతి గమనించండి. ఉలి దెబ్బకి రాయి పొడి అవుతుంది. ఆ పొడి రంధ్రంలోనే ఉంటే తర్వాతి దెబ్బ పొడి మీద పడుతుంది, రాయి మీద పడదు. అందుకే మధ్యమధ్యలో ఆపి, సన్నటి గరిటెలాంటి కడ్డీతో పొడి బయటికి తోడతారు. రాయిని కొట్టడం ఒక పని, పొడి తీయడం ఇంకో పని. రెండో పనిని ఎవరూ లెక్కలోకి తీసుకోరు గానీ, టైమంతా తినేది అదే.

సరే, ఇప్పుడు కొంచెంసేపు యూరప్‌కి పోయి వద్దాం. ఎందుకంటే ఈ గాలి కథ అక్కడే మొదలైంది.

ఫ్రాన్స్‌కీ ఇటలీకీ మధ్య ఆల్ప్స్ పర్వతాల కింద మాంట్ సెనిస్ సొరంగం 1857లో మొదలుపెట్టారు. సుమారు 13 కిలోమీటర్లు. చేతి ఉలితో పని చాలా నెమ్మదిగా కదిలేది. ఆ లెక్కన పూర్తయ్యేసరికి మొదలుపెట్టినవాళ్ళ మనవలు రావాలి. ఆవిరి యంత్రం పెడదామంటే సొరంగంలో పొగకి మనుషులు చచ్చిపోతారు. అప్పుడు జెర్మేన్ సొమేయె అనే ఇంజినీరు ఏం చేశాడంటే, బయట కొండవాగు నీటి బలంతో గాలిని నొక్కి, పైపుల్లో లోపలికి పంపి, ఆ గాలితో ఉలిని కొట్టించాడు. 1861 నుంచి యంత్రాలు పని మొదలెట్టాయి. 1870 డిసెంబరులో రెండు వైపుల తవ్వకాలూ కలిశాయి. 1871లో రైలు నడిచింది.

ఇందులో నాకు బాగా నచ్చిన విషయం దెబ్బల వేగం కాదు. ఉలిని కొట్టాక యంత్రంలోంచి బయటికొచ్చిన గాలి ఆ సొరంగంలో మనుషులకి ఊపిరి అయింది. వాడేసిన గాలి కూడా ఇంకో పనికొచ్చింది. ఒకే గాలికి రెండు పనులు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, అశోక్‌నగర్ సందు దాకా మనతో వస్తుంది.

తర్వాత అమెరికావాళ్ళు దీన్ని అందుకున్నారు. 1866లో హూసాక్ సొరంగంలో బర్లీ డ్రిల్లు, 1871లో ఇంగర్‌సోల్ పేటెంటు. 1890లలో కొలరాడోలో జార్జ్ లేనర్ అనే ఆయనకి ఒక ఆలోచన వచ్చింది. పొడి తోడటానికి పని ఆపడం ఎందుకు? ఉలికడ్డీ మధ్యలో నిలువునా బెజ్జం పెడితే? ఆ బెజ్జంలోంచి గాలి అడుక్కి పోయి పొడిని ఊదేస్తుంది కదా! చూడ్డానికి చిన్న బెజ్జమే గానీ, రాతి డ్రిల్లింగ్ చరిత్రలో ఇంతకంటే పెద్ద మలుపు లేదని నా అభిప్రాయం. రంధ్రం ఎప్పటికప్పుడు శుభ్రం, ప్రతి దెబ్బా నేరుగా రాయి మీదే.

మరి ఊదిన పొడి ఎక్కడికి పోతుంది? ఎదురుగా నిలబడ్డ కూలీ మొహం మీదికి. పొడి ఎంత మెత్తగా, ఎంత దట్టంగా వచ్చిందంటే గని కార్మికులు ఆ యంత్రం ముట్టుకోమన్నారు. లేనర్ మళ్ళీ కూర్చుని అదే బెజ్జంలోంచి గాలితోపాటు నీళ్ళు పంపేలా మార్చాడు. పొడి బురదై కారిపోయింది. కానీ నీళ్ళు పెట్టని పొడి డ్రిల్లులు చాలాచోట్ల చాలా ఏళ్ళు నడిచాయి. వాటికి గనుల్లో పెట్టిన పేరు "విడో మేకర్". అంటే ఆడవాళ్ళ పసుపుకుంకాలు తీసేసే యంత్రం.

ఇదంతా అమెరికా గొడవ అనుకోకండి. మన పక్కనే కోలార్ బంగారు గనులున్నాయి. కేజీఎఫ్ అనగానే మీకు సినిమానే గుర్తొస్తుంది. అసలు కేజీఎఫ్‌ని 1880 నుంచి జాన్ టేలర్ అండ్ సన్స్ అనే ఇంగ్లీషు కంపెనీ నడిపింది. పనివాళ్ళు చిత్తూరు, ఉత్తర ఆర్కాటు వైపు నుంచి వలసపోయిన తెలుగువాళ్ళు, తమిళులు. గాలి డ్రిల్లులతో మూడు కిలోమీటర్లకి పైగా లోతుకి పోయారు. గాలిలో తేలే ఆ రాతి పొడిలో ఉండేది సిలికా. మన గ్రానైటులో మెరిసే తెల్ల పలుకులున్నాయే, అదే క్వార్ట్జు, అదే సిలికా. ఊపిరితిత్తుల్లోకి పోతే బయటికి రాదు. మచ్చ కడుతుంది, మచ్చ పెరుగుతుంది, ఊపిరి తగ్గుతుంది. ఆ జబ్బు పేరు సిలికోసిస్, ఇప్పటికీ దాన్ని నయం చేసే మందు లేదు. మైసూరు సంస్థానం 1940లో సిలికోసిస్ మీద రూల్స్ తెచ్చింది. ఆ దశకంలోనే కోలార్‌లో ఏడున్నర వేల మందికి పైగా కార్మికులని పరీక్షిస్తే నూటికి నలభై మందికి పైగా ఈ జబ్బు కనిపించింది. వాళ్ళ చేతుల్లో ఉన్నది గాలి దారి సరిగ్గా ఆలోచించని యంత్రం. గాలి కొట్టింది, పొడి తీసింది, అక్కడితో తన పని అయిపోయిందనుకుంది.

ఇక మన బోరు దగ్గరికి వద్దాం.

పాత డ్రిల్లుల్లో సమ్మెట పైన ఉండేది. కొట్టు పైన పడితే ఆ దెబ్బ కడ్డీ గుండా కిందికి పోవాలి. కడ్డీ ఒక్కటే అయితే ఫర్వాలేదు. వంద అడుగులు పోవాలంటే కడ్డీకి కడ్డీ మర వేసి కలపాలి. ప్రతి అతుకు దగ్గరా దెబ్బలో కొంత బలం కారిపోతుంది, వేడి అయిపోతుంది. లోతుకి పోయేకొద్దీ పైన ఎంత కొట్టినా కింద తట్టినట్టే ఉంటుంది. అందుకే ఆ యంత్రాలతో క్వారీలో పేలుడు రంధ్రాలు వేయగలిగారు గానీ, మూడొందల అడుగుల బోరు వేయలేకపోయారు. బరువైన ఉలిని తాడుకి కట్టి ఎత్తి వదిలే పద్ధతి ఒకటుంది. చైనావాళ్ళు ఆ పద్ధతిలోనే, వెదురు సాయంతో 1835లో వెయ్యి మీటర్ల ఉప్పుబావి తీశారు. గొప్పే. కానీ మన గ్రానైటులో అది నత్తనడక. ఒక్క బోరుకి వారాలు పట్టేది.

1950లలో బెల్జియంలో ఆంద్రే స్టెన్యూక్ సమ్మెటని కిందికే దించేశాడు. కాస్త అటూ ఇటూగా అమెరికాలో ఇంగర్‌సోల్ రాండ్ కూడా ఇదే దారి పట్టింది. దెబ్బ రాడ్ల గుండా పోనక్కర్లేదు. రాడ్ల లోపలి బోలులోంచి గాలి పోతుంది. గాలికి అతుకుల దగ్గర నష్టం చాలా తక్కువ.

ఇప్పుడు హ్యామర్ లోపలికి తీసుకెళ్తా. ఫోన్ పక్కన పెట్టి ఊహించుకోండి. మనిషి కాలంత పొడవున్న ఉక్కు గొట్టం. లోపల ఇరవై కిలోల దరిదాపు బరువున్న ఉక్కు దిమ్మ, దాన్ని పిస్టన్ అంటారు. అడుగున బిట్టు. బిట్టు మొహం మీద గుండ్రటి బొడిపెల్లాగా టంగ్‌స్టన్ కార్బైడు బటన్లు. పిస్టన్ పైకి లేవాలి, కిందికి పడి బిట్టు నెత్తి మీద కొట్టాలి. నిమిషానికి వెయ్యి నుంచి రెండు వేల సార్లు. మరి పైనుంచి ఒకే గొట్టంలో, ఒకే దిక్కుగా వచ్చే గాలి పిస్టన్‌ని ఒకసారి పైకీ ఒకసారి కిందికీ ఎలా నెడుతుంది?

మొదట్లో లోపల ఒక చిన్న రేకు వాల్వ్ పెట్టేవాళ్ళు. అది అటూ ఇటూ టపటపా కొట్టుకుంటూ గాలిని ఒకసారి కిందికి, ఒకసారి పైకి మళ్ళించేది. ఆ రేకు అరిగేది, విరిగేది. విరిగితే మొత్తం రాడ్లన్నీ బయటికి లాగాలి. తర్వాత వచ్చిన ఆలోచన చాలా తెలివైంది. వాల్వే తీసేశారు. పిస్టన్ ఒంటి మీదే గాడులు కోశారు, చుట్టూ ఉన్న సిలిండరులో బెజ్జాలు పెట్టారు. పిస్టన్ కదులుతున్నకొద్దీ తన ఒంటితోనే ఒక బెజ్జం మూస్తుంది, ఇంకోటి తెరుస్తుంది. పిస్టన్ అడుగున ఉన్నప్పుడు గాలి దాని కింద గదిలోకి పోయి పైకి నెడుతుంది. కొంత ఎత్తు లేచాక కింది గాలికి బయటికి పోయే దారి తెరుచుకుంటుంది. అదే సమయానికి పై గదిలోకి గాలి దూరుతుంది. పిస్టన్ ఆగి, తిరిగి, దూకుతుంది. ఢాం. కొట్టేవేళకి పై గది గాలికీ దారి తెరుచుకుంటుంది. అది పిస్టన్ నడిమధ్యలో ఉన్న బెజ్జంలోంచి జారి, బిట్టు లోపలి రంధ్రాల్లోంచి, రాయి మీదికి బుస్సుమని పోతుంది. కొట్టిన గాలే, అదే గాలి, ఇప్పుడు పొడిని ఎత్తుకుని రాడ్డుకీ రంధ్రం గోడకీ మధ్య సందులోంచి పైకి పరిగెడుతుంది. సొమేయె సొరంగంలో లాగే, ఒకే గాలికి రెండు పనులు.

ఈ బెజ్జాలు ఒక మిల్లీమీటరు అటూ ఇటూ అయితే కథ మారిపోతుంది. కింది గది గాలి ముందే వెళ్ళిపోతే పిస్టన్ ఎత్తుకి లేవదు, దెబ్బ తేలిపోతుంది. ఆలస్యంగా పోతే దిగే పిస్టన్‌కి కింద గాలి మెత్తలా అడ్డుపడుతుంది. దారి సన్నగా ఉంటే గాలి ఉక్కిరిబిక్కిరి, వెడల్పుగా ఉంటే ఒత్తిడి నిలవదు. హ్యామర్ కంపెనీలన్నీ గత డెబ్భై ఏళ్ళుగా కొట్టుకుంటున్నది ఈ దారుల మీదే. ఉక్కు అందరిదీ ఉక్కే.

పోయిన వేసవిలో అశోక్‌నగర్‌లో ఒక అపార్టుమెంటు ముందు బోరుబండి నిలబడి ఉంటే నేనూ పోయి నిలబడ్డాను. ఆపరేటరుది తిరుచెంగోడు. తమిళనాడులో నామక్కల్ జిల్లా ఊరు అది, దేశం మొత్తానికి బోరుబండ్లు అక్కణ్ణుంచే పోతాయి. తెలుగు చక్కగా మాట్లాడుతున్నాడు. ఒక రాడ్డు దిగింది, ఇంకో రాడ్డు వేయడానికి గాలి ఆపాడు.

"అన్నా, ఇప్పుడు కింద నీళ్ళు హ్యామర్లోకి ఎక్కవా?" అన్నాను.

"ఎక్కడానికి చూస్తది సార్. లోపల స్ప్రింగ్ వాల్వ్ ఉంటది. గాలి ఆగగానే టక్కున మూసుకుంటది. అది పోయిందనుకోండి, బురద మొత్తం లోపలికి వస్తది, పిస్టన్ జామ్. రాత్రంతా రాడ్లు పీకుడే."

నీళ్ళు పడ్డాక ప్రతి పది మీటర్ల నీటి మట్టానికీ ఒక బార్ ఒత్తిడి ఎదురు తిరుగుతుంది. వంద మీటర్ల నీళ్ళుంటే పది బార్. హ్యామర్ ఆ ఒత్తిడిని గెలిచి గాలి వదలాలి. అందుకే పాతకాలపు ఏడు బార్ కంప్రెసర్లతో నీళ్ళు పడ్డాక ఎక్కువ దూరం పోలేకపోయేవాళ్ళు. ఇప్పటి బండ్లలో ఇరవై బార్ దాటిన కంప్రెసర్లున్నాయి.

ఇంకో విషయం ఆయన చూపించాడు. రాడ్లని ఒక అర అడుగు పైకెత్తితే ధడధడ ఆగిపోయి ఒక్కసారిగా హోరు మొదలైంది. రాయి ఆసరా లేకపోయేసరికి బిట్టు కొంచెం కిందికి జారుతుంది, దాని వెనకే పిస్టన్ జారుతుంది, బెజ్జాలన్నీ ఒకదానికొకటి కలిసిపోయి గాలి మొత్తం నేరుగా బయటికి. కొట్టడం లేదు, ఊదడమే. రంధ్రంలో పొడి పేరుకుంటే ఇలా దులుపుతారు. మీటా బటనూ ఏమీ లేవు, గాలి దారి మలిచిన తీరులోనే అది ఉంది. అది చూసినప్పుడు నాకు నిజంగా ముచ్చటేసింది.

కొంచెం లెక్క చేద్దాం. మన ఊళ్ళో ఇళ్ళకి వేసే బోరు ఆరున్నర అంగుళాలు. రాడ్డు నాలుగున్నర అంగుళాలదనుకుందాం. చుట్టూ మిగిలే సందు ఒక్క అంగుళం. నిమిషానికి 900 ఘనపుటడుగుల గాలి ఇచ్చే కంప్రెసరు అయితే, ఆ సందులో, పైకొచ్చేసరికి గాలి వేగం గంటకి 130 కిలోమీటర్లు దాటుతుంది. రాతి పలుకుల్ని పైకి మోయాలంటే నిమిషానికి కనీసం మూడు వేల అడుగుల వేగం, అంటే గంటకి 55 కిలోమీటర్లు ఉండాలని డ్రిల్లర్ల లెక్క. అదే సందులో 300 ఘనపుటడుగుల చిన్న కంప్రెసరు పెడితే గంటకి 45 దగ్గరే ఆగిపోతుంది. పొడి పైకి రాదు, కిందే నూరుకుంటుంది, హ్యామర్ ఇరుక్కుంటుంది.

పొడి ఎంతంటారా? వంద అడుగులకి సుమారు 1.7 టన్నులు. వెయ్యి అడుగుల బోరంటే పదిహేడు టన్నుల రాయి, పిండి అయి, మీ సందులోకి వస్తుంది.

ఈ యంత్రం మన దేశంలో ఇంతగా పాకిపోయింది ఒక కరవు వల్ల. 1966-67లో బీహార్, ఉత్తరప్రదేశ్‌లలో ఘోరమైన కరవు. గట్టిరాయి ఉన్న ప్రాంతాల్లో తాగునీటికి యూనిసెఫ్ డీటీహెచ్ రిగ్గులు తెప్పించింది. వారాలు పట్టే బోరు ఒకటి రెండు రోజుల్లో పడింది. తర్వాత దక్కను మొత్తం, మన తెలంగాణ, రాయలసీమ సహా, ఈ పద్ధతికి మారింది. బోరు పడితే సరిపోదు, నీళ్ళు పైకి రావాలి. అప్పటి చేతిపంపులు ఊరికూరికే పాడైపోయేవి. 1970ల మధ్యలో ఇండియా మార్క్ టూ పంపు తయారైంది, కోయంబత్తూరు దగ్గర పరీక్షించారు. ప్రపంచంలో చాలా దేశాలు దాన్ని వాడాయి. మనం దాన్ని ఏమన్నాం? బోరింగు. రంధ్రం వేయడానికున్న ఇంగ్లీషు మాట తెలుగులో పంపుకి పేరయిపోయింది. "బోరింగు కాడికి పోయి బిందె నింపుకురా" అని మా అమ్మ పంపేది. ఆ చేతిపంపు వెనక హ్యామర్ ఉందని అప్పుడు నాకేం తెలుసు.

అక్కడిదాకా కథ మంచిదే, అందులో సందేహం లేదు. చేతిపంపు ఎంత తోడుతుంది? మనిషి చేతులు నొప్పెట్టేదాకా. ఆ బోరులోకి సబ్‌మెర్సిబుల్ మోటారు దిగాక లెక్క మారింది. చిక్కడపల్లి, నారాయణగూడల్లో పెరట్లో చెట్టూ బావీ ఉన్న పాత ఇళ్ళు పోయి అపార్టుమెంట్లు లేచాయి. అశోక్‌నగర్‌లో ఇళ్ళు హాస్టళ్ళయ్యాయి. ఒక కుటుంబం ఉన్న జాగాలో యాభై మంది స్నానం చేస్తున్నారు. మంజీరా నీళ్ళు 1965లో వచ్చాయి, కృష్ణా 2004లో, గోదావరి 2015లో. అయినా ఎండాకాలం వస్తే ట్యాంకరు, లేదంటే బోరుబండి. ఒకప్పుడు బండ తగిలితే బావి ఆగిపోయేది. ఇష్టమున్నా లేకపోయినా బండే ఒక హద్దు. గాలి హ్యామర్ ఆ హద్దుని తీసేసింది.

ఇక్కడ నేను చాలాసేపు చెప్పాలనుకున్న ముక్క వచ్చింది. హ్యామర్ తయారుచేసినవాడు గాలి దారిని బిట్టు మొహం దాకానే గీయగలడు. అక్కడ దాటాక దారి చూపేది రాయి. పగులు లేని చోట గాలి బుద్ధిగా పైకి వస్తుంది. పెద్ద పగులు తగిలితే? గాలి అందులోకి దూరుతుంది. నేను నిలబడ్డ ఆ రాత్రి సుమారు నూట ఇరవై అడుగుల దగ్గర తెల్ల పొడి కాస్తా బూడిద రంగు ముద్దయింది, తర్వాత నీళ్ళు చిమ్మాయి. అందరూ చప్పట్లు కొట్టారు, ఎవరో కొబ్బరికాయ కొట్టారు. అయిదు నిమిషాలు కాలేదు, పక్క బిల్డింగు వాచ్‌మన్ పరిగెత్తుకొచ్చాడు. "సార్, మా బోర్లకెల్లి గాలి వస్తుంది! మట్టి నీళ్ళు పొంగుతున్నయ్!"

నా చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. బోర్లు వేసేవాళ్ళకి ఇది కొత్త కాదు. కానీ ఆలోచించండి. ఈ ఇంటి కంప్రెసరు గాలి ఆ ఇంటి బోరులోంచి బయటికొచ్చిందంటే అర్థం ఏమిటి? రెండింటికీ కింద ఒకటే పగులు. ఒకటే నీళ్ళు. ఇక్కడ తోడేది అక్కణ్ణుంచే. పైన ప్రహరీ గోడ ఉంది, రిజిస్ట్రేషన్ కాగితాలు వేరే ఉన్నాయి, కింద ఒకటే కుండలో రెండు స్ట్రాలు. దీనికోసం ఏ శాస్త్రవేత్తా రావక్కర్లేదు, గాలే చూపించేసింది.

శాస్త్రవేత్తలు కూడా చూశారు. మన ఉప్పల్‌లో ఉన్న ఎన్‌జీఆర్‌ఐ, ఫ్రెంచివాళ్ళతో కలిసి, హైదరాబాద్‌కి దక్షిణాన మహేశ్వరం దగ్గర ఇదే రకం గ్రానైటులో ఏళ్ళ తరబడి బోర్లు పరీక్షించింది. నీళ్ళని బాగా పంపే పగుళ్ళలో ఎక్కువ భాగం పైన ముప్పై నలభై మీటర్ల లోపలే ఉన్నాయని తేలింది. అంటే వందా నూట ముప్పై అడుగులు. దాని కింద పగుళ్ళు అసలు ఉండవని కాదు, అరుదు. మరి వెయ్యి అడుగులు ఎందుకు వేస్తున్నారు? పై పొర ఎండిపోయింది కాబట్టి. అది ఎందుకు ఎండింది? కుండలో స్ట్రాలు ఎక్కువై. దానికి మందుగా ఇంకో పొడుగాటి స్ట్రా వేస్తున్నాం. ఇరవై బార్ గాలి ఉంది కాబట్టి వేయగలుగుతున్నాం. అడుగుకి ఇంత అని రేటు, లోతు పెరిగేకొద్దీ రేటు కూడా పెరుగుతుంది. పడకపోయినా డబ్బు కట్టాల్సిందే. కట్టాక ఆ ఖర్చు హాస్టల్ అద్దెలో మీ మీదికే వస్తుంది.

చట్టం లేదా అంటే, ఉంది. 2002లో ఉమ్మడి రాష్ట్రంలో వాల్టా చట్టం వచ్చింది, నీరు, భూమి, చెట్ల చట్టం. బోరు వేయాలంటే అనుమతి, రిగ్గుకి రిజిస్ట్రేషన్. బోరుబండి రాత్రిపూటే ఎందుకొస్తుందో ఇప్పుడు మీరే ఊహించుకోండి. పగటి ట్రాఫిక్ ఒక కారణం. అదొక్కటే అని నేను మాత్రం అనను.

చివరిగా ఆ తెల్ల పిండి సంగతి. లేనర్ దగ్గర మొదలైన సమస్య మన సందులో ఇంకా ఉంది. నీళ్ళు పడేదాకా వచ్చేదంతా పొడి పిండే, అందులో సిలికా ఉంది. ఒక రాత్రి పక్కన నిలబడ్డ మనకి సిలికోసిస్ వస్తుందని భయపెట్టను, అది ఏళ్ళ తరబడి పీల్చేవాళ్ళకి వచ్చే జబ్బు. కానీ రాడ్లు మార్చే కుర్రాళ్ళు ఉన్నారే, ఇరవై, ఇరవై రెండేళ్ళవాళ్ళు, దాదాపు మీ వయసువాళ్ళు, వాళ్ళకి ప్రతి రాత్రీ అదే గాలి. నేను చూసిన బండి మీద ఇద్దరు మొహానికి తువ్వాలు కట్టుకున్నారు. మెత్తటి సిలికాని తువ్వాలు ఆపదు.

మందు 1890లలోనే దొరికింది. గాలిలో నీళ్ళు కలపడం. చాలా బండ్లకి గాలి పైపులోకి కొద్దిగా నీళ్ళు చిమ్మే పంపు ఉంటుంది. పంపు తిప్పితే పొడి తడిసి, దుమ్ము లేవకుండా కింద పడుతుంది. చాలామంది వాడరు. నీళ్ళు మరీ తక్కువైతే పొడి ముద్దలు కట్టి రాడ్డుకి ఉంగరాల్లా పట్టుకుంటుంది, ఎక్కువైతే వేగం తగ్గుతుంది. సరిగ్గా కలపడానికి చెయ్యి తిరగాలి. పైగా నీళ్ళ కోసం బోరు వేస్తుంటే, వేయడానికి ముందే ఒక డ్రమ్ము నీళ్ళు తెమ్మంటే ఇంటివాళ్ళు విసుక్కుంటారు.

మీ బిల్డింగు ముందు బండి ఆగితే, మిషన్ స్టార్ట్ కాకముందే ఓనరు ఆంటీనో, ఆపరేటరు అన్ననో ఒక్క మాట అడగండి, "నీళ్ళ పంపు ఉందా, వేస్తారా?" అని. రెండో మాట, మొదటి నీళ్ళు ఎన్ని అడుగులకి పడ్డాయో రాసిపెట్టమనండి, పక్క బోరులో గాలి వచ్చిందో లేదో కూడా. ఆ కాగితం మోటారు బిల్లుతో పాటు దాచుకోమనండి. పదేళ్ళ తర్వాత మళ్ళీ బండి పిలుద్దామని అనుకునే రోజున, ఆ ఇంట్లో ఉండేవాళ్ళకి కింద ఏముందో చెప్పే కాగితం అదొక్కటే ఉంటుంది.

మీ ఏరియాలో ఇలా పక్క బోరులోంచి గాలి రావడం మీరు చూసి ఉంటే ఎన్ని అడుగుల దగ్గర జరిగిందో నాకు రాయండి. చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్‌వాళ్ళు సందు పేరు కూడా రాయండి. ఉంటాను.